గుమ్మడికాయల మధ్య వాల్వు యాంప్

మొదటి స్విచ్చు వేసే ఉంచాను, రెండోది వెయ్యలేదు. మొదటిది వేస్తే వాల్వులు వేడెక్కుతాయి, రెండోది వేస్తేగాని దానికి నోరు పెగలదు. గునుపురం నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు విత్తడం, కోయడం మీద ప్రసంగం ఎత్తుకుని ఇంకా విత్తనాలు చల్లుతూనే ఉన్నారు, ఆయన కోత దాకా వచ్చేసరికి చాలాసేపు పడుతుంది, పట్టనివ్వండి, నాకు కావలసిందీ అదే. పాత యాంప్‌కి తొందర పనికిరాదు, లోపల ఆ గాజు బుడ్లన్నీ ఎర్రబడి, ఇనుము వేడెక్కి, దుమ్ము కాలిన వాసన పోయాక గానీ అది ఈ లోకంలోకి రాదు. గిటారు నా ఒళ్ళో ఉంది. దాని వైరు చాప కిందనుంచి పాకి బలిపీఠం ముందున్న కోత పండుగ కానుకల్లోకి దూరింది. అక్కడ, గుమ్మడికాయలకీ చోళ్ళ బస్తాకీ మధ్యన, అనాసపళ్ళ వెనకాల, మా నాన్న యాంప్. ఆరాధన అవగానే వేలం. అరటిగెలలతో పాటు, కాళ్ళు కట్టేసిన కోళ్ళతో పాటు, దాన్నీ పాడేసుకుంటారట. పాడుకోండి చూద్దాం. అయ్యగారూ, మీరు నిదానంగా చల్లండి, ఒక్క గింజ కూడా వదలొద్దు.

మగవాళ్ళ వైపు మొదటి బల్ల మీద క్లెమెంట్ అన్న, మా సంఘం కార్యదర్శి, ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చున్నాడు. చెడ్డవాడని అనను. ఈ రాయగడలో తెలుగు ఇంట్లో ఎవరు పోయినా పెట్టె దగ్గర మొదట నిలబడేది ఆయనే, మా నాన్న పోయినప్పుడూ నిలబడ్డాడు, ఏడ్చాడు కూడా. కానీ నా వాల్యూంతో మాత్రం ఆయనకి పాత పగ. ప్రతి ఆదివారం పాట మధ్యలో మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, నా మొహం చూడకుండా, యాంప్ మీది గుండీ తిప్పేసి వెళ్ళిపోయేవాడు. అంతే, స్వరం అక్కడికక్కడే చచ్చేది. నేను మళ్ళీ పెంచేదాన్ని, ఆయన మళ్ళీ వచ్చేవాడు, ఇలా మా ఇద్దరికీ ఏళ్ళు గడిచిపోయాయి, నా జడలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, ఆయనకి ఉన్నవీ ఊడిపోయాయి. నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి, అన్నా, యాంప్ పాడవలేదు, దాని పక్కనుండే బల్బు మారింది అంతే, నాకిచ్చెయ్యి, ఇంటికి తీసుకుపోతానన్నాను. ఆయన చేతులు కట్టుకుని అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

“దొర్కా, బలిపీఠం ముందర ఎట్టిందాన్ని ఎనక్కి తీసుకుపోతానంటే ఎలాగమ్మీ? అది దేవుడిదైపోయింది. కావాలంటే నలుగురితో పాటు నువ్వూ పాడుకో.”

మా నాన్న సామాను నేను వేలంలో పాడుకోవాలట! ఒళ్ళు మండిపోయింది. అక్కడ పెట్టిందెవరు, నేనా, మా అమ్మా? ఆదివారం పాటలకని నాన్న తెచ్చిపెట్టింది, ఆయన పోయాక కూడా గుడిలోనే ఉంది కాబట్టి గుడిదేనని తేల్చేసి, మూల ఖాళీ అవుతుందని మోయించి, గుమ్మడికాయల్లో దించిందీ ఆయనే. కోత పండుగకి ఎవరి చేలో పండింది వాళ్ళు తెస్తారు. ఇది మా ఇంట్లో పండింది, నిజమే, కానీ కోసుకోమని మేమనలేదు. సరే, వెనక్కి తీసుకోకూడదు కదా, తీసుకోను. పెట్టినచోటే ఉంచి వాయిస్తాను. కానుకని కదపకూడదన్నారు గానీ దానికి కరెంటు ఇవ్వకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి బల్బు బిగించి, అనాసపళ్ళు అటు జరిపి, వైరు లాగి పెట్టుకున్నాను. ఆ పళ్ళ సందుల్లోంచి వస్తున్న నారింజ వెలుగు చూసి క్లెమెంట్ అన్న, ఈసారి అలంకరణ బాగా చేసేరమ్మా ఆడవాళ్ళు అని మెచ్చుకున్నాడు కూడా. నవ్వాపుకోలేక చచ్చాను.

అయ్యగారు ఇప్పుడు వాన కోసం చూస్తున్నారు. చూడండి, చూడండి. వాన అంటే నాకు కోరాపుట్ గుర్తొస్తుంది, మొన్న వర్షాకాలమంతా అక్కడే డ్యూటీ, కొత్తగా చేరిన నర్సులకి పని నేర్పమని పంపించారు, ఆదివారాలు కూడా వదిలేవారు కాదు. ఎప్పుడైనా ఒక్కపూట సెలవు దొరికితే రైల్లో వచ్చి, అమ్మ మొహం చూసి మళ్ళీ రైలెక్కేదాన్ని, గుడిదాకా పోయే తీరిక ఉండేది కాదు. ఆ దారిలో సొరంగాలు ఒకదాని వెనక ఒకటి, సొరంగంలోకి దూరగానే రైలు చప్పుడు గోడలకి కొట్టుకుని ముద్దగా మారి, గరగరలాడి, మళ్ళీ వెలుగులోకి రాగానే పలచబడిపోయేది. నేను కళ్ళు మూసుకుని అదే వినేదాన్ని. పక్కన కూర్చున్న వాళ్ళు నర్సమ్మ పాపం అలిసిపోయింది అనుకునేవాళ్ళు. అలిసిపోవడం కాదు, బెంగ. నాలుగు నెలలు యాంప్ ముట్టుకోకపోతే వేళ్ళు ఊరుకోవు, పేషెంటు నాడి పట్టుకున్నా తీగ మీద ఉన్నట్టే ఉండేది.

పూర్తిగా తెరిచిన వాల్వు యాంప్ ఎలా ఉంటుందో వినని వాళ్ళకి చెప్పడం కష్టం. మెల్లగా మీటితే గుండ్రంగా, శుభ్రంగా, పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టు పలుకుతుంది. గట్టిగా మీటితే స్వరం అంచు చిరుగుతుంది, ముందు కాస్త కుంగి, తర్వాత ఉబికి పైకి లేచి, ఎంతకీ ఆగదు. ఆ కుంగి లేవడమే దాని ప్రాణం. ఏడుస్తున్న మనిషి మాట మధ్యలో గుటక మింగి మళ్ళీ అందుకుంటుంది చూడండి, అది. మా నాన్న ఎలీయాజరు మాస్టారు ఆ స్వరం కోసమే బతికాడని మా అమ్మ కోపంగా చెప్పేది, నాకది పొగడ్తలాగే వినిపించేది. పాలకొండ వైపునుంచి ఇక్కడి బడికి సైన్సు చెప్పడానికి వచ్చాడు, వస్తూ వస్తూ వాల్తేరులో ఏదో డాన్సు హాలు మూసేస్తుంటే ఈ చెక్కపెట్టె తెచ్చుకున్నాడు. అప్పట్లో మా వీధిలో సాయంత్రమైతే కరెంటు నీరసపడిపోయేది, ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ నీరసపు కరెంటుతోనే యాంప్ బ్రహ్మాండంగా పలికేది. తర్వాత కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. కరెంటు బాగుపడిందని వీధంతా సంబరం, మా నాన్న ఒక్కడే దిగాలు. నిండు కరెంటు తగిలేసరికి యాంప్ బిగుసుకుపోయింది, వార్తలు చదివే మనిషిలా ముక్కుసూటిగా మాట్లాడింది, ఏడవమంటే ఏడవదు. కొన్నాళ్ళు అన్నం సయించలేదు ఆయనకి. ఆఖరికి ఒక చెక్కముక్క మీద బల్బు హోల్డరు బిగించి, యాంప్‌కి పోయే కరెంటు ఆ బల్బులోంచి పోయేట్టు కట్టాడు. రెండువందల వాట్ల పెద్ద బల్బు. కొంత అది తినేసి మిగిలింది యాంప్‌కి పెడుతుంది. పాత సాయంత్రాలు తిరిగొచ్చాయి. నేను గట్టిగా మీటితే బల్బు భగ్గుమనేది, మెల్లగా మీటితే మసకబారేది, చిన్నప్పుడు నాకు పాఠం చెప్పింది ఆ బల్బే అనుకుంటాను. మా అమ్మ మార్తమ్మ మాత్రం, మా ఆయన బాగుపడ్డ కరెంటుని పాడుసేసి సంతోషించేడు అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

గుండీ పూర్తిగా తెరవమనేవాడు నాన్న. నాకు భయం వేసేది, తెరిస్తే గోడలు అదిరేవి. సగంలో ఆపితే కసిరేవాడు. “సగం తెరిస్తే సగమే మాటాడతదే. దాని నోరు నొక్కకు, నీ సెయ్యి అదుపులో ఎట్టుకో.” అంతే ఆయన చెప్పిన సంగీతం. క్లెమెంట్ అన్న మునివేళ్ళ మీద వచ్చి తిప్పేసేది సరిగ్గా ఆ గుండీనే.

ఆ అన్నకి ఈ వానల్లో కొత్త పిచ్చి పట్టింది, ఎల్‌ఈడీ. గుడిలో ఒక్క పాత బల్బు ఉండకూడదని నిచ్చెన వేసుకుని తానే ఎక్కి అన్నీ మార్చాడు, వసారాలో, వంటగదిలో, మరుగుదొడ్డిలో, ఆఖరికి మూలన యాంప్ పక్కనున్న నాన్న చెక్కముక్క మీద కూడా. హోల్డరు కనిపిస్తే చాలు తిప్పి తీసేసి తెల్లది బిగించేశాడు, పాతవన్నీ చెత్తలో వేసేశాడు. ఎల్‌ఈడీ చుక్కంత కరెంటే పోనిస్తుంది, ఆ చుక్కతో యాంప్ ఎక్కడ లేస్తుంది? కానీ బల్బు మాత్రం తెల్లగా, జోరుగా వెలుగుతుంది. అదే కొంప ముంచింది. బల్బు వెలుగుతోంది అంటే కరెంటు వస్తోంది, కరెంటు వస్తున్నా పలకట్లేదు అంటే యాంప్ చచ్చింది, అని తీర్పు అయిపోయింది. నాకు ఫోనులో చెప్పారు. నేనూ నమ్మాను. కోరాపుట్ హాస్టలు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత క్లెమెంట్ అన్న భార్య ఫేబక్క కీబోర్డుకి తోడుగా ఒక చిన్న డిజిటల్ పెట్టె కొన్నారు. ఫుట్‌రూలంత ఉంటుంది, అందులో వంద యాంపులు ఉన్నాయట. తిరిగొచ్చాక ఫేబక్క ఇంట్లో దాన్ని కూడా వాయించి చూశాను, ఒట్టు. వందా మంచిగానే పలికాయి. ఒక్కటీ గుటక మింగలేదు.

నిన్న మధ్యాహ్నం ఆఖరి చూపు చూసుకుందామనే గుడికి వచ్చాను. గుమ్మడికాయల మధ్య కూలబడి, ఊరికే, చేతులు ఊరుకోక, ప్లగ్గు పెట్టాను. తెల్లటి వెలుగు. ఆసుపత్రి వార్డులో ఉండే వెలుగు. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను, ఏదో తప్పుగా ఉంది, ఏమిటో తెలియలేదు, మా ఇంటి సాయంత్రాలు ఎప్పుడూ తెల్లగా లేవు కదా అనిపించింది, నాన్న చేతులు, గోడ మీద నా నీడ, అన్నీ పసుపుగానే ఉండేవి కదా. అప్పుడు వెలిగింది నాకు. క్లెమెంట్ అన్నా, నీ దుంపతెగ, అని గుడిలోనే పైకి అనేశాను, దేవుడు క్షమించాలి.

కానీ రెండువందల వాట్ల పాత బల్బు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మార్కెట్టంతా తిరిగాను, అడిగిన ప్రతి కొట్టువాడూ నన్ను ఆదిమానవుణ్ణి చూసినట్టు చూశాడు. స్కూటీ ఎక్కి కొల్నార పోయాను. అక్కడ దాలయ్య కోళ్ళ షెడ్డు ఉంది, పిల్లకోళ్ళకి వెచ్చగా ఉండడానికి అతను ఇంకా పెద్ద బల్బులే వేలాడదీస్తాడు. బల్బు కావాలనగానే గడ్డం గోక్కుని, ఏటమ్మీ, ఆసుపత్రిలో కోళ్ళు పెంచుతున్నారేటి అన్నాడు. కాదు దాలయ్యా, సచ్చిపోయిందనుకున్నదాన్ని పొదగాలి అన్నాను. అతను షెడ్డులో వెలుగుతున్నదాన్నే గుడ్డతో పట్టుకుని తిప్పి తీసి ఇచ్చాడు. ఒళ్ళో పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంది.

అమ్మ మోచేత్తో పొడిచింది. కానుకల వైపు కళ్ళతో చూపించి నవ్వుతోంది. కాళ్ళు కట్టేసిన పెట్ట ఒకటి దేకుకుంటూ వెళ్ళి బల్బు పక్కన సర్దుకుని కూర్చుంది. దాలయ్య బల్బు సంగతి కోళ్ళకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఏటే, అది నీ యాంప్‌ని పొదుగుతోందేటి అని గొణిగింది అమ్మ. కొట్‌పాడ్ శాలువా ముక్కు దాకా లాక్కుని నవ్వుతోంది, నవ్వు ఆగట్లేదు ఆవిడకి. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే నేనింకా దాని గొంతు వినలేదు. పొద్దున్న మొదటి స్విచ్చు వెయ్యగానే బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి మెల్లగా నారింజకి తగ్గింది, అది మంచి గుర్తే, లోపలికి కరెంటు పోతోందనే. కానీ వానాకాలమంతా మూల తడిలో పడి ఉంది. స్పీకరు కాగితం మెత్తబడిపోయిందో, ఎలుక కొరికిందో. రెండో స్విచ్చు పొద్దున్నే వేసి చూసుకోవచ్చు, వెయ్యలేదు. ఒకవేళ చచ్చిపోయి ఉంటే ఒంటరిగా తెలుసుకోవడం ఇష్టంలేక. చస్తే అందరి ముందే చావనీ, బతికితే అందరి ముందే బతకనీ.

వెనక బల్ల మీద దేబాశిష్ కూర్చున్నాడు. కోరాపుట్‌లో హోటలు పెడుతున్న ఒడియా కుర్రవాడు, క్లెమెంట్ అన్న పిలిస్తే ఈ యాంప్ పాడుకోవడానికే వచ్చాడు. గుడి మెట్ల మీద నాతో మర్యాదగానే మాట్లాడాడు. పాత రేడియోలు, కుట్టుమిషన్లు కొని గోడల నిండా పెడతాడట, యాంప్ లోపలిదంతా తీసేసి లైట్లు పెట్టి మొక్కలు పెంచుతాడట. నా మొహం చూసి కంగారుపడి, “దీదీ, నేను చనిపోయినవే కొంటాను. బతికున్నదాన్ని ముట్టుకోను,” అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. చచ్చిందని వాడికి చెప్పినవాళ్ళ మీదే.

అయ్యగారు కోతకి వచ్చేశారు, కొడవళ్ళు తీశారు, బయట గుడి పుంజు కూసింది. అదీ వేలం సరుకే ఒకప్పుడు. ఒంటికన్ను ముసలి పుంజు, ఎవరూ పాట పెట్టలేదు, మూడుసార్లు పిలిచినా పాట రాని కానుక గుడిలోనే ఉండిపోవాలని మా సంఘంలో రూలు, కాబట్టి కోయడానికీ లేదు, అమ్మడానికీ లేదు. అప్పటినుంచి ఆవరణలో రాజ్యం ఏలుతోంది, ప్రతి ప్రసంగం ముగింపుకీ కూస్తుంది. ఈ పొద్దున్న కూడా క్లెమెంట్ అన్న ఆ రూలు గట్టిగా చదివాడు. చదువన్నా, గట్టిగా చదువు. ఆమెన్ అన్నారు అందరూ. కానుకల పాట. ఫేబక్క కీబోర్డు మీద చేతులు పెట్టి, క్లెమెంట్ అన్న సైగ కోసం చూస్తోంది. నేను లేచాను. నడిచాను. గుమ్మడికాయల మధ్య వంగి రెండో స్విచ్చు వేశాను.

ముందు ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత అడుగునుంచి సన్నగా హుమ్మని, దూరంగా ఎక్కడో లారీ కొండ ఎక్కుతున్నట్టు, ఆ హుమ్ము పెరిగి నేల చెక్కలోకి దిగి నా అరికాళ్ళకి తగిలింది. బతికే ఉన్నావా, నా తల్లీ. గుండీ పొద్దున్నే పూర్తిగా తెరిచి పెట్టాను, ఇక నా చెయ్యే అదుపు. గిటారు మీద వాల్యూం తగ్గించి మొదటి వరస మెల్లగా మీటాను, గుండ్రంగా వచ్చింది, శుభ్రంగా, పక్క గదిలోంచి. జనం కానుకలు వెయ్యడానికి వరస కట్టారు, క్లెమెంట్ అన్న లేచాడు, మునివేళ్ళు సిద్ధం, కానీ దారి నిండా జనం, చంటిపిల్లల తల్లులు, చోళ్ళ సంచుల వాళ్ళు, ఎలా వస్తావన్నా, రా. రెండో చరణానికి గిటారు మీద గుండీ తిప్పాను, చెయ్యి వదిలాను, గట్టిగా, నాన్న పోయాక ఏడవని ఏడుపంతా కలిపి గట్టిగా, స్వరం కుంగింది, బల్బు భగ్గుమంది, అనాసపళ్ళూ గుమ్మడికాయలూ అమ్మ మొహమూ ఒక్కసారి పసుపెక్కాయి, కుంగి, గుటక మింగి, లేచింది, లేచి ఇక దిగనంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పెట్ట మాత్రం కదల్లేదు. ఫేబక్క నోరు తెరిచి చూసి, తర్వాత నా వెనకే వాయించడం మొదలుపెట్టింది, ఆ డిజిటల్ పెట్టెని ముట్టుకోకుండా. కానుక వేసినవాళ్ళు కూడా వెనక్కి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు. అమ్మ ఇప్పుడు నవ్వట్లేదు, శాలువాతో కళ్ళొత్తుకుంటోంది.

దీవెన అయింది, వేలం మొదలైంది. నేను నా చాప మీదికి వెళ్ళలేదు, చోళ్ళ బస్తా మీద కూర్చున్నాను, స్విచ్చు తియ్యలేదు. గెలలు పోయాయి, అనాసపళ్ళు పోయాయి. క్లెమెంట్ అన్న కాగితం చూసి చదివాడు, పాడైపోయిన పాత యాంప్లిఫయరు, ఒకటోసారి. అందరూ దేబాశిష్ వైపు తిరిగారు. వాడు లేచి నిలబడి జుట్టు సర్దుకున్నాడు. “క్లెమెంట్ బాబూ, ఇది చనిపోలేదు కదా. మీరు చనిపోయిందన్నారు,” అని కూర్చున్నాడు. రెండోసారి, అన్నాడు క్లెమెంట్ అన్న. ఎవరూ పాట పెట్టలేదు. గుడి నిండా మనుషులు, హుమ్మనే చప్పుడు ఒక్కటే. మూడోసారి అనడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అన్నాక కూడా అదే చప్పుడు.

“రూలు సదవండి బాబూ,” అంది అమ్మ, కూర్చున్నచోటినుంచే.

ఆయన చదవలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దారి ఖాళీగా ఉంది ఇప్పుడు, మునివేళ్ళ మీద నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా మొహం చూడలేదు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి గుండీ మీద వెయ్యబోయాడు.

“అన్నా, ముట్టుకోకు,” అన్నాను. “బలిపీఠం ముందర ఎట్టింది. అది దేవుడిదైపోయింది.”

చెయ్యి గాల్లో ఆగిపోయింది, బల్బు వెలుగు దాని మీద పడుతోంది. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఉన్నది గుమ్మడికాయ, దాన్ని పిలవడానికి ఆయన గొంతు సవరించుకుంటుంటే నేను ఇంకో పాట ఎత్తుకున్నాను.